చేసింది వృథా పోని చోటు

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో, తెలుగువాళ్ళ ఇళ్ళలో, 'గ్రైండ్' అన్న మాటకి మూడు అర్థాలు. శనివారం సాయంత్రం వంటగది గట్టు మీద మినప్పప్పు రుబ్బే గ్రైండర్ మొదటిది. ఉద్యోగం మారాలనుకున్నవాళ్ళు పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి, ఇంటర్వ్యూల కోసం ఒక సైట్‌లో ఒకదాని తర్వాత ఒకటి కోడింగ్ ప్రాబ్లమ్స్ విప్పుకుంటూ పోయే లీట్‌కోడ్ గ్రైండ్ రెండోది. ఆటలో తన పాత్ర ఒక లెవెల్ ఎక్కడానికి అదే అడవిలో అదే పందిని వందోసారి చంపడం మూడోది. 580, 680 హైవేలు కలిసేచోట ఉన్న ఈ ఊరికి 1997లో బార్ట్ రైలు వచ్చింది. నీలం లైనుకి ఇదే చివరి స్టేషను. 2010 జనాభా లెక్కల్లో 46,036 మంది ఉన్న ఊరు 2020కి 72,589 అయింది. అందులో సగానికి పైగా ఆసియా మూలాలవాళ్ళే. గుడికి వెళ్ళాలంటే పక్కనే లివర్‌మోర్ శివ విష్ణు ఆలయం. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ 'రుద్దుడు' పడి, ఇంజనీరింగ్ ముగించి, ఇక్కడి దాకా వచ్చిన తరానికి గ్రైండ్ అన్నది కొత్త మాటే గాని కొత్త అనుభవం కాదు. పగలంతా ఆఫీసులో నలిగినవాళ్ళు రాత్రి మళ్ళీ నలగడాన్నే వినోదంగా ఎందుకు ఎంచుకుంటారన్నది పైకి చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాస్త తవ్వితే అది కర్మ సిద్ధాంతం దాకా పోతుంది.

మామూలుగా వినిపించే జవాబు ఆట జీవితానికి అద్దం అని. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ నాటి నుంచీ ఈ తరహా ఆటల పద్ధతి ఒకటే: శత్రువుని చంపితే కొన్ని అనుభవం పాయింట్లు (ఎక్స్‌పీ), కావలసినన్ని పాయింట్లు చేరితే ఒక లెవెల్, లెవెల్ పెరిగితే ఇంకా పెద్ద శత్రువు. ప్రమోషను, జీతం, ఇంకా పెద్ద టార్గెట్ లాగే ఉందిగా, అంటారు. పని ఒత్తిడి మన తీరిక సమయంలోకి కూడా చొరబడిందనీ, ఆటని కూడా డ్యూటీ చేసిందనీ ఈ వాదం సారం. ఇంకొందరు దీన్ని వ్యసనం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వ్యసనం ఉన్న మాట నిజమే. కానీ ఆ పేరు పెట్టేస్తే మనిషి దేనికి లొంగాడో చెప్పినట్టు కాదు. లొంగాడని చెప్పినట్టు మాత్రమే. అద్దం పోలికలోనూ ఒక లోపం ఉంది. అద్దంలో కుడి ఎడమవుతుంది. ఆట కూడా జీవితాన్ని అలాగే ఒకచోట తిరగేసి చూపిస్తుంది, జనం వెళ్ళేది ఆ తిరగబడిన చోటు కోసమే. నా వాదం ఇది: గ్రైండ్ చేసేవాళ్ళు వెతుక్కుంటున్నది వినోదమూ కాదు, మరుపూ కాదు, న్యాయం. చేసిన పని చేసినట్టు ఖాతాలో పడే ఒక లోకం వాళ్ళకి కావాలి. అది మతపరమైన ఆకలి, దాన్ని అలాగే గుర్తించాలి.

మన దర్శనాల్లో ఈ ఆకలికి పాత పేర్లున్నాయి. చేసిన కర్మ ఫలమివ్వకుండానే నశించిపోతే అది కృతనాశం. చెయ్యని కర్మకి ఫలం వచ్చి మీద పడితే అకృతాభ్యాగమం. ఎదుటివాడి సిద్ధాంతం ఈ రెండు దోషాల్లో ఏదో ఒకదానికి దారి తీస్తుందని చూపిస్తే చాలు, వాదంలో సగం గెలిచినట్టే లెక్క. సంసారానికి మొదలు లేదని శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యంలో వాదించేటప్పుడు కూడా ఈ తర్కాన్నే వాడతాడు. మొదలంటూ ఉంటే, ఆ మొదటి జన్మలోని సుఖదుఃఖాలు ఏ కర్మకీ సంబంధం లేకుండా ఊడిపడ్డట్టవుతాయి కదా. మీమాంసకులకి ఇంకో చిక్కు వచ్చింది. యజ్ఞం ఇవాళ ముగిసిపోతుంది, స్వర్గం ఎప్పుడో చనిపోయాక. ఈ రెంటి మధ్యా ఆ పని ఎక్కడ దాక్కుని ఉంటుంది? దానికి వాళ్ళు అపూర్వం అని పేరు పెట్టారు. కంటికి కనపడదు, కానీ పనినీ ఫలాన్నీ కలిపి ఉంచేది అదే. ఆటలు తయారుచేసేవాళ్ళు కుమారిల భట్టుని చదివి ఉండరు గాని, తెర అడుగున కొద్దికొద్దిగా నిండే ఆ ఎక్స్‌పీ పట్టీ ఏమిటంటే అపూర్వమే. పంది చచ్చింది, పట్టీ ఒక వెంట్రుకవాసి జరిగింది. మీమాంసకుడు నమ్మమన్నదాన్ని ఆట కంటికి చూపిస్తుంది. యజమాని చేతికి రసీదు దొరికిన యజ్ఞం ఇదొక్కటేనేమో.

ఇప్పుడు ఆ రసీదు దొరకని చోటుకి వద్దాం. అమెరికాలో ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. 1990 నాటి చట్టం ప్రకారం ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. ఐస్‌లాండ్‌కీ అంతే, భారతదేశానికీ అంతే. దాంతో పెరిగిన వరుస ఎంత పొడవంటే, అందులో నిలబడ్డవాళ్ళకి మనుషుల పేర్లకన్నా ప్రయారిటీ డేట్లు, అంటే వరుసలో చేరిన తేదీలు, బాగా గుర్తుంటాయి. నెలనెలా విదేశాంగ శాఖ వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. ఒక చిన్న పట్టిక, గళ్ళలో తేదీలు. మీ తేదీ ఆ గడిలోని తేదీకన్నా ముందుదైతే మీ వంతు వచ్చినట్టు. చూడ్డానికి ఇదీ ఎక్స్‌పీ పట్టీ లాంటిదే, కాకపోతే ఇది వెనక్కి కూడా నడుస్తుంది. 2012 ఏప్రిల్ బులెటిన్‌లో ఈబీ-2 అనే ఉద్యోగ వర్గం కింద భారతీయుల తేదీ 2010 మే 1 దాకా వచ్చింది. మే నెలలో అది 2007 ఆగస్టు 15కి పడింది. అక్టోబరుకి 2004 సెప్టెంబరు 1. ఆరు నెలల్లో అయిదున్నరేళ్ళకి పైగా వెనక్కి. ఆ వరుసలో ఉన్నవాళ్ళు ఆ ఆరు నెలల్లో తప్పేమీ చెయ్యలేదు. ఆఫీసుకెళ్ళారు, పన్నులు కట్టారు. వైకుంఠపాళిలో పాము నోట్లో పడ్డా కనీసం గవ్వలు వేసింది మన చెయ్యే.

2007లో ఇంతకన్నా విచిత్రం జరిగింది. జులై బులెటిన్ దాదాపు అందరి తేదీలూ కరెంట్ అయ్యాయని, అంటే వంతు వచ్చేసిందని, ప్రకటించింది. జనం ఆదరాబాదరా మెడికల్ పరీక్షలు చేయించుకుని, లాయర్లకి ఫీజులు కట్టి, కాగితాలు పంపారు. జులై 2న, ఈ ఏడాదికి నంబర్లు అయిపోయాయి, కాగితాలు తీసుకోం అన్నారు. దానికి మనవాళ్ళు ఇచ్చిన జవాబు చరిత్రలో ఉండదగ్గది: ఇమిగ్రేషన్ శాఖ డైరెక్టరుకి వందల పూలగుత్తులు పంపారు, లగే రహో మున్నాభాయ్ చూపించిన గాంధీగిరి పద్ధతిలో. (ఆ సినిమాకి తెలుగు రీమేక్ శంకర్‌దాదా జిందాబాద్ కూడా సరిగ్గా ఆ నెలలోనే విడుదలైంది.) పూలని గాయపడిన సైనికుల ఆసుపత్రికి మళ్ళించారు. జులై 17న నిర్ణయం వెనక్కి తీసుకుని ఒక నెలపాటు దరఖాస్తులు తీసుకున్నారు. ఫలం దక్కింది. కానీ దేనికి దక్కింది? ఏళ్ళ తరబడి చేసిన పనికి కాదు, పూలకి. గెలిచినవాళ్ళకి కూడా పనికీ ఫలానికీ మధ్య ముడి ఉందన్న నమ్మకం ఆ రోజు బలపడి ఉండదు.

వీసా ఒక్కటే కాదు. హెచ్‌-1బి రావడమే లాటరీ. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ దాదాపు 12,000 మందిని తీసేసినప్పుడు, మంచి రేటింగులు వచ్చినవాళ్ళు కూడా ఆ జాబితాల్లో ఉన్నారు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్ళకి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. ఊహ తెలియకముందే డిపెండెంట్ వీసా మీద వచ్చిన పిల్లలు తల్లిదండ్రుల వంతు రాకముందే 21 ఏళ్ళు నిండితే ఆ వరుసలోంచి జారిపోతారు. వాళ్ళు ఎదగడమే వాళ్ళ నేరం. ఇదంతా ఆకలి బాధ కాదు. డబ్లిన్‌లో ఇల్లున్నవాళ్ళ కష్టాన్ని అనంతపురం రైతు కష్టం పక్కన పెడితే సిగ్గుపడాల్సిందే, పెట్టనవసరం లేదు కూడా. అయితే ఒక్క విషయంలో ఆ ఇద్దరికీ చుట్టరికం ఉంది. వేరుశనగ వేసిన రైతుకీ, కోడు రాసిన ఇంజనీరుకీ నిద్ర పట్టనివ్వనిది పని ఎక్కువవడం కాదు, చేసిన పనికి హామీ లేకపోవడం. పని ఎంతున్నా మనిషి చేస్తాడు. లెక్క ఎవడో రాస్తూ, ఎప్పుడు పడితే అప్పుడు కొట్టేస్తూ ఉంటే తట్టుకోలేడు. అలాంటివాడికి రాత్రి పదకొండింటికి పందిని చంపితే పట్టీ జరగడం అన్నది మామూలు సంగతి కాదు. ఆ రోజు మొత్తం మీద అతనికిచ్చిన మాట నిలబెట్టుకున్న వ్యవస్థ అదొక్కటే.

ఆటలు మాత్రం ధర్మంగా ఉన్నాయా అని ఇక్కడ ఎవరైనా అడ్డుపడాలి. పడితే న్యాయమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో జింగా కంపెనీ 2009లో తెచ్చిన ఫామ్‌విల్‌లో స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో కాసేది. వేళకి వచ్చి కోసుకోకపోతే పంట ఎండిపోయేది. అంటే ఆటలోకి కృతనాశాన్ని కావాలనే దూర్చారు, మనిషిని గడియారానికి కట్టెయ్యడానికి. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో జెమ్స్ కొంటే రోజులు పట్టే కట్టడం క్షణంలో లేస్తుంది. అది అంగట్లో అమ్మే అకృతాభ్యాగమం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో 60 లెవెళ్ళతో మొదలై, పెంచుకుంటూ పోయి 120 దాకా తీసుకెళ్ళి, 2020లో ఒక్క అప్‌డేట్‌తో 120లో ఉన్నవాళ్ళని 50కి దించింది. బులెటిన్ చేసిందీ ఇదే కదా? ఇక్కడ ఒక తేడా ఉంది. లెవెల్‌తో పాటు రాక్షసుల బలం కూడా తగ్గించారు, కాబట్టి ఎవరి కష్టమూ పోలేదు, అంకె మాత్రమే మారింది. అసలు ప్రశ్న అది కాదు, ఫలం ఇచ్చేదెవరన్నది. కర్మే తన ఫలాన్ని తానిస్తుందని జైమిని, ఈశ్వరుడిస్తాడని బాదరాయణుడు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ఈ ఇద్దరి మతాలూ పక్కపక్కనే ఉంటాయి. ఆట ఆడేవాడు తాను జైమిని లోకంలో ఉన్నాననుకుంటాడు: చేస్తే వస్తుంది, మధ్యలో ఎవరూ లేరు. నిజానికి ఉన్నది బాదరాయణుడి లోకం. సర్వరు వెనక ఫలదాత ఒకడున్నాడు, అతనికి వాటాదారులున్నారు. ఆటలోని న్యాయం ఒకరు దయతలచి నడుపుతున్న న్యాయం. దాని కోసం వెళ్ళినవాడి ఆకలి నిజం, తింటున్నది మాత్రం కల్తీ.

దీనికన్నా గట్టి ఆక్షేపణ మన ఇంట్లోనే ఉంది, రామకోటి పుస్తకం రూపంలో. గళ్ళు కొట్టిన కాగితం, గడికొక శ్రీరామ. రోజుకి వెయ్యి రాసినా కోటి పూర్తవ్వడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళ పైచిలుకు. గ్రీన్‌కార్డు వరుసకేమీ తీసిపోదు. చేసిందే చెయ్యడం, లెక్కపెట్టుకోవడం, ఎప్పుడో పూర్తవుతుందని ఆశ. ఇది గ్రైండ్ కాకపోతే మరేమిటి, పందిని చంపడాన్ని మాత్రం ఎందుకు తక్కువ చెయ్యాలి, అనొచ్చు. పైకి తేడా లేదని ఒప్పుకోవాల్సిందే. వంద గళ్ళు నిండాయని పక్కింటావిడకి గర్వంగా చెప్పుకునేవాళ్ళూ లేకపోలేదు. అయినా రెండు తేడాలు నాకు కనిపిస్తాయి. వందో పంది వందో వంతు మాత్రమే. దానికదే ఏమీ కాదు, లెవెల్ రాకముందు ఆపేస్తే అది సగంలో ఆగిన పని. వందో రామనామం మాత్రం పూర్తి నామం. రాసేవాడు ఆ మధ్యాహ్నమే పోయినా, రాసినంత మేరా అసంపూర్ణం ఏదీ లేదు. రెండోది, కోటి నిండిన పుస్తకాలని బీరువాలో దాచుకోరు. భద్రాచలం పంపిస్తారు, రాములవారికి అప్పజెప్పి ఊరుకుంటారు. లెక్క ఉన్నది చివర్లో వదిలెయ్యడానికి. లీట్‌కోడ్ ప్రొఫైల్లో పచ్చటి గళ్ళు రోజురోజూ నిండుతుంటే వాటిని ఎవరికి అప్పజెప్తాం? ఒక రోజు తప్పితే ఖాళీ గడి పంటి కింద రాయిలా తగులుతుంది. గిట్‌హబ్ వాళ్ళు 2016లో తమ పేజీల్లోంచి వరుస రోజుల లెక్కని తీసేశారు, పచ్చగళ్ళని మాత్రం ఉంచారు. గళ్ళున్నంతకాలం లెక్కపెట్టుకునేవాడు ఎలాగూ లెక్కపెట్టుకుంటాడు.

విశ్రాంతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వార్‌క్రాఫ్ట్ ఇంకా పరీక్షలో ఉన్నప్పుడు, జనం మరీ ఎక్కువసేపు ఆడకుండా, కొంతసేపయ్యాక అనుభవం పాయింట్లు సగానికి తగ్గేలా పెట్టారు. ఆడేవాళ్ళు మండిపడ్డారు. తయారుచేసినవాళ్ళు అంకెలు మార్చలేదు, పేర్లు మార్చారు: తగ్గిన రేటునే మామూలు రేటన్నారు, అసలు రేటుని విశ్రాంతి తీసుకున్నవాళ్ళకిచ్చే రెట్టింపు బోనస్ అన్నారు. అందరూ సంతోషించారు. తెలివైన పనే, కానీ దాంతో విశ్రాంతి కూడా సంపాదనే అయింది. నిద్రపోవడానికి కూడా పాయింట్లు. వంటగదిలోని గ్రైండర్‌కి ఈ తెలివి లేదు. అందులో పప్పు తిరుగుతున్నంతసేపూ మధ్యమధ్య చల్లటి నీళ్ళు చిలకరించాలి, లేకపోతే రాళ్ళ రాపిడికి పిండి వేడెక్కి ఇడ్లీ గట్టిపడుతుంది. చిటికెడు పిండి తీసి గిన్నెలోని నీళ్ళలో వేస్తే తేలాలి. తేలిందా, ఇక ఆపెయ్యాలి. ఇంకో పావుగంట తిప్పితే ఇంకా మంచి పిండి రాదు. ఆపైన రవ్వ కలిపి, డబ్లిన్ చలి రాత్రుల్లో ఓవెన్‌లో దీపం మాత్రం వేసి గిన్నె లోపల పెట్టి పడుకుంటారు. ఇడ్లీని ఇడ్లీ చేసేది ఆ తర్వాత జరిగేదే, అప్పుడు పనిచేస్తున్నవాళ్ళెవరూ లేరు. రుబ్బడానికి 'ఇక చాలు' అనే చోటు ఉంది. ఆటలో గ్రైండ్‌కి గాని, లీట్‌కోడ్ గ్రైండ్‌కి గాని తేలిందో లేదో చూసే గిన్నె లేదు.

ఇంత దూరం వచ్చాక నిష్కామకర్మ పేరెత్తకుండా ఉండటం కష్టం. ఫలం మీద కన్నెయ్యకు, పని చేసుకుంటూ పో అని గీత చెప్పింది కదా, ఇక బులెటిన్ ఎటు నడిస్తే నీకేం అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. మేనేజిమెంట్ శిక్షణ తరగతుల్లో ఆ శ్లోకం వినిపించినంతగా పారాయణ సభల్లో కూడా వినిపించదేమో. ఇది నాకు మింగుడుపడదు. ఆ మాట పనిచేసేవాడు తనకి తాను చెప్పుకోవలసినది, జీతమివ్వాల్సినవాడు పనివాడికి చెప్పేది కాదు. అదే గీత, మూడో అధ్యాయంలో, తీసుకున్నదానికి బదులివ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ కింద లెక్కగట్టింది. కూలి ఎగ్గొట్టేవాడి తరఫున వకాల్తా పుచ్చుకునే గ్రంథం కాదది. ఫలాసక్తి వదలడమంటే ఫలం రావాల్సిన చోట రాకపోతే నోరు మూసుకోవడమని అర్థమైతే, 2007లో పంపిన ఆ పూలన్నీ పాపమే అవ్వాలి. కృతనాశం దోషమని వాదించిన ఆచార్యులే ఆసక్తి వదలమని కూడా అన్నారు. ఈ రెండూ వాళ్ళకి ఒకదానికొకటి విరుద్ధం కాలేదు. లోకం లెక్క సరిగ్గా రాయాలి, నువ్వు ఆ లెక్కలో ఇరుక్కుపోకూడదు. మొదటిది వ్యవస్థకి, రెండోది మనసుకి.

ఆటలో దొరకనిది ఈ రెండో సగం. కర్మ సిద్ధాంతం నుంచి గ్రైండ్ ఆటలు ఖాతా పుస్తకాన్ని తీసుకున్నాయి, ఆ పుస్తకం ఎందుకు పుట్టిందో వదిలేశాయి. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అంటూ అంత వివరంగా లెక్క కట్టిన సంప్రదాయంలో ఎవరూ పుణ్యం పెంచుకుంటూ పోవడమే గమ్యం అనలేదు. పుణ్యం ఖర్చయితే స్వర్గం నుంచి కూడా దిగి రావాల్సిందే అన్నారు. ఖాతా మూసెయ్యడం కోసం ఆ లెక్క. ఏ ఆట కంపెనీకైనా ఖాతా మూసెయ్యడం అంటే కస్టమర్ పోవడం. అందుకే 60 తర్వాత 70 వచ్చింది, 70 తర్వాత 80. మోక్షం లేని కర్మ సిద్ధాంతం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకన్నా మంచి నమూనా దొరకదు.

అయినా నాకొక ఉదాహరణ దగ్గర మాత్రం అనుమానం తీరదు. 2010లో ఇయాన్ బొగోస్ట్ అనే ఆచార్యుడు ఫామ్‌విల్ లాంటివాటిని వెక్కిరించడానికి కౌ క్లికర్ అనే ఆట చేశాడు. ఒక ఆవు బొమ్మ. ఆరు గంటలకొకసారి దాన్ని నొక్కాలి, అంతే. వెక్కిరింత అని తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ వేలమంది చేరి నొక్కారు. 2011 సెప్టెంబరులో అతను విసిగిపోయి ఆవులన్నిటినీ మాయం చేశాడు. మిగిలింది ఖాళీ పచ్చిక. ఆ తర్వాత కూడా కొందరు వేళకి వచ్చి, ఆవు ఉండాల్సిన చోట నొక్కి వెళ్ళారు. లెవెల్ లేదు, ఆవూ లేదు. నా వాదం ప్రకారం వాళ్ళది పూర్తిగా ఖాతాకి అమ్ముడుపోయిన అలవాటు, ఖాతా ఎత్తేసినా వదలనిది. కానీ ఫలం ఏమీ లేదని తెలిసీ వేళ తప్పకుండా ఒక చిన్న పని చేసి పోవడాన్ని ఇంకో పేరుతో పిలవడానికి కూడా వీలుంది, ఆ పేరు మనకి బాగా తెలుసు. రామకోటి రాసే చెయ్యికీ ఆ వేలికీ బయటినుంచి చూస్తే తేడా పట్టలేం. లోపలినుంచైనా, ఆ పచ్చిక మీదికి తన వేలు ఎందుకు వచ్చిందో నొక్కినవాడు చెప్పగలడా అన్నది నాకింకా తేలలేదు.